ప్రశ్న–జవాబు: అత్తగారి మునగాకు పొడి, ఆయన బెరడు కషాయం

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర పల్లె. మా ఇంటి ముందు మునగచెట్టు ఉంది, తిత్లీ తుపానుకి పడిపోతే కొమ్మ పాతాం, మళ్ళీ ఇంత చెట్టయింది. మా అత్తగారికి 68 ఏళ్ళు, షుగర్, బీపీ రెండూ ఉన్నాయి, మాత్రలు వేసుకుంటారు. ఫోన్లో ఏదో వీడియో చూసి నెల రోజులుగా పరగడుపున రెండు చెంచాల మునగాకు పొడి వేడినీళ్ళలో కలుపుకుని తాగుతున్నారు. షుగర్ ఇంకా తగ్గుతుందని పొద్దున్న టిఫిన్ కూడా మానేశారు. ఇప్పుడు పదిన్నర పదకొండు అయ్యేసరికి కళ్ళు తిరుగుతున్నాయి, చెమటలు పడుతున్నాయి అంటున్నారు. ఆపమంటే "ఆకే కదా, ఏటవుద్ది" అంటారు. మా అమ్మాయికి ఐదో నెల, థైరాయిడ్ మాత్ర వాడుతోంది, రక్తం తక్కువుందన్నారు, మునగాకు పెట్టొచ్చా? మా ఆయనకి మోకాళ్ళ నొప్పులు, ఊళ్ళో ఒకాయన మునగ బెరడు కషాయం తాగమన్నాడట. కవిటిలో మా అన్నయ్యకి క్రియాటినిన్ ఎక్కువుంది, ఆయనకీ ఈ పొడి పంపిద్దామా? ఇంకోటి, మునగచెట్టు ఇంటి ముందు ఉండకూడదంటున్నారు, కొట్టించెయ్యాలా?

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి సంగతి. మిగతావి తీరిగ్గా చదువుకోవచ్చు గానీ ఇది రేపటికి వాయిదా వేసే విషయం కాదు.

పదిన్నరకి కళ్ళు తిరగడం, చెమటలు పట్టడం, వీటికి తోడు చేతులు వణకడం, గుండె దడ, ఉన్నట్టుండి తెగ ఆకలి వేయడం కూడా ఉంటే అది షుగర్ పడిపోతున్న లక్షణం. పెరగడం కాదు, పడిపోవడం. మనవాళ్ళకి షుగర్ పెరిగితేనే భయం, పడిపోతే నీరసం అనుకుని వదిలేస్తారు. నిజానికి పెద్దవయసు వాళ్ళకి అప్పటికప్పుడు ప్రమాదం తెచ్చేది పడిపోయే షుగరే. మీ ఇంట్లో వేలు గుచ్చి చూసే మిషను ఉంటే ఆవిడకి అలా అవుతున్న సమయంలోనే చూడండి, లేకపోతే ఊళ్ళో ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎంనో పిలవండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి వెంటనే తాగించండి, పావుగంట ఆగి మళ్ళీ చూడండి, ఇంకా తక్కువే ఉంటే మరోసారి ఇవ్వండి, తేరుకున్నాక అన్నమో ఇడ్లీయో ఏదో ఒకటి కడుపు నిండా పెట్టండి. మిషను దొరకకపోతే దానికోసం వెతుకుతూ కూర్చోవద్దు, పంచదార నీళ్ళు ముందు ఇచ్చేయండి. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో చుక్క కూడా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేయండి.

ఇప్పుడు ఆవిడ మాత్రల అట్ట తీసి వెనకాల పేరు చదవండి. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి పేరు ఉంటే, ఆ మాత్రకి మీరు తిన్నారా లేదా అన్నది పట్టదు. అది క్లోమాన్ని తట్టి ఇన్సులిన్‌ని బయటికి తెప్పిస్తుంది. తిండి రాకపోతే ఆ ఇన్సులిన్ ఒంట్లో ఉన్న కాస్త షుగర్‌నీ కిందికి లాగేస్తుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఇలా పడిపోవడం అరుదు. చాలా మాత్రల్లో ఈ రెండూ కలిపే ఉంటాయి కాబట్టి పేరు పూర్తిగా చదవండి, అర్థం కాకపోతే మందుల షాపులో అడగండి.

కాబట్టి నన్నడిగితే ఇందులో సగానికి పైగా తప్పు మునగాకుది కాదు, మానేసిన టిఫిన్‌ది. మాత్ర వేసుకుని పదకొండు దాకా ఖాళీ కడుపుతో ఉంటే మునగాకు లేకపోయినా కళ్ళు తిరుగుతాయి. దానిమీద ఈ పొడి తోడైంది. మునగాకుకి షుగర్‌ని కొద్దిగా దించే గుణం ఉన్నట్టు మనుషుల మీద చేసిన చిన్న చిన్న పరీక్షల్లో కనిపించింది, బీపీని దించే గుణం జంతువుల మీద ప్రయోగాల్లో కనిపించింది. అది మాత్రకి బదులుగా నిలబడేంత బలం కాదు, కానీ మాత్రతో కలిస్తే ఇదిగో ఇలా ఇబ్బంది పెట్టేంత ఉండొచ్చు. బీపీ కూడా ఒకసారి కూర్చోబెట్టి, ఒకసారి లేచి నిలబడ్డాక చూపించండి. నిలబడగానే బాగా పడిపోతుంటే ఆ కళ్ళు తిరగడానికి అదీ ఒక కారణం కావచ్చు.

చేయాల్సింది ఇది. పొడి ఇప్పుడే ఆపేయండి, టిఫిన్ మళ్ళీ మొదలుపెట్టండి. మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు, సగం చేయొద్దు. ఆవిడని చూసే డాక్టరు దగ్గరికి ఒకటి రెండు రోజుల్లోనే తీసుకెళ్ళండి, మాత్రల అట్టతో పాటు ఆ పొడి డబ్బా కూడా పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టండి. నోటితో చెబితే "ఏదో ఆకు పొడి" అని తేలిపోతుంది, డబ్బా చూస్తే అడుగుతారు. మన వైపు పెద్దవాళ్ళకి ఒక అలవాటుంది, ఇంగ్లీషు డాక్టరు దగ్గర నాటుమందు మాట ఎత్తరు, తిడతారని. ఆయుర్వేదం చూసే నా దగ్గరికి వచ్చినప్పుడు ఇంగ్లీషు మాత్రల మాట ఎత్తరు, అదీ తిడతాననే. ఇద్దరికీ సగం సగం చెబితే మధ్యలో ఇబ్బంది పడేది ఆవిడే.

ఆవిడ ఊరుకోరని నాకు తెలుసు. వద్దంటే ఇంకా పట్టుదల. ఆవిడతో "మునగాకు వద్దు" అనకండి. "పొడి వద్దు, వారానికి రెండు మూడు సార్లు పప్పులో వేసి పెడతాను" అనండి. ఆ మాటకి ఒప్పుకుంటారు, ఎందుకంటే అది ఆవిడ చిన్నప్పటి నుంచి తిన్నదే.

ఈ వీడియోల వాళ్ళు మునగాకుని మునగచెట్టెక్కించేశారు, అదీ అసలు గొడవ. పాల కంటే ఇన్ని రెట్లు కాల్షియం, బత్తాయి కంటే అన్ని రెట్లు విటమిన్ సి, పాలకూర కంటే పాతిక రెట్లు ఇనుము అని లెక్కలు చదువుతారు. ఆ లెక్క ఎలా వేశారో చూడండి. ఎండబెట్టిన పొడి 100 గ్రాములు ఒక పక్క, నీళ్ళతో ఉన్న పాలు 100 గ్రాములు ఇంకో పక్క. ఎండితే నీళ్ళు పోతాయి, మిగిలింది చిక్కబడుతుంది, ఆ మాత్రం దానికి ఏ ఆకుని ఎండబెట్టినా అంకెలు పెరుగుతాయి. 100 గ్రాముల పొడి ఎవరు తాగుతారు? మీ అత్తగారి రెండు చెంచాలు ఐదారు గ్రాములు. అందులో ఉండే కాల్షియం సుమారు 100 మిల్లీగ్రాములు, అదే ఒక గ్లాసు పాలల్లో 200 దాటి ఉంటుంది. ఇక విటమిన్ సి అంటారా, ఎండబెట్టి వేడినీళ్ళు పోశాక మిగిలేది ఏ కొంచెమో.

అలాగని మునగాకు తక్కువదని కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లో పచ్చి మునగాకుకి 100 గ్రాములకి 300 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం, నాలుగున్నర దాకా ఇనుము, ఆరు గ్రాముల పైన మాంసకృత్తులు ఉన్నాయి. కంటికి మంచి చేసే కెరోటిన్ దండిగా ఉంది. పెరట్లో ఊరికే దొరికే ఆకుకి ఇది చాలా గొప్ప సంగతి. నాకు ఇబ్బందల్లా కూరగా గొప్పదైన దాన్ని మందుగా అమ్మడంతోనే.

ఇక మన శాస్త్రం ఏమంటుందో చెబుతాను, ఎందుకంటే వీడియోల్లో "ఆయుర్వేదంలో 300 రోగాలకి మునగ" అంటూ చెబుతారు గానీ ఆయుర్వేదం అదే మునగ గురించి చెప్పిన రెండో సగం చెప్పరు. మునగని శిగ్రువు, శోభాంజనం అంటారు. కారం, చేదు రుచులు, తీక్ష్ణ గుణం, ఉష్ణ వీర్యం, అంటే ఒంట్లో వేడి పుట్టించే శక్తి. కఫాన్నీ వాతాన్నీ తగ్గిస్తుంది, ఆకలి పుట్టిస్తుంది, వాపులు, గడ్డలు, కడుపులో పురుగులు వీటికి పనికొస్తుంది. చరక సంహితలో చెమట పట్టించే చికిత్సకి తోడుపడే పది ద్రవ్యాలు చెబుతూ మొదటి పేరు దీనిదే పెట్టారు. కానీ భావప్రకాశలో ఇదే శిగ్రువు గురించి మంట పుట్టిస్తుందని, పిత్తాన్నీ రక్తాన్నీ రెచ్చగొడుతుందని కూడా రాసి ఉంది. మన ఇళ్ళల్లో "వేడి చేస్తుంది" అనే మాట అదే. ఎసిడిటీ ఉన్నవాళ్ళు, కడుపులో పుండ్లు ఉన్నవాళ్ళు, ముక్కులోంచి రక్తం వచ్చేవాళ్ళు, మొలల్లో రక్తం పడేవాళ్ళు, నెలసరిలో రక్తం ఎక్కువ పోయేవాళ్ళు దీన్ని పరగడుపున వేడినీళ్ళలో తాగడం అంటే మండే చోట కారం రాసుకోవడమే.

ఆషాఢంలో మునగాకు తినాలి అనేది కూడా ఇక్కడి నుంచి వచ్చిందే అనుకుంటాను. వానలు మొదలయ్యేసరికి అరుగుదల మందగిస్తుంది, వాతం పెరుగుతుంది, అప్పుడు వేడి చేసే ఆకు పనికొస్తుంది. అదే ఆకు రోహిణి కార్తె ఎండలో రోజూ తాగమని ఏ పెద్దావిడా చెప్పలేదు. ఏ కాలంలో, ఎవరికి, ఎంత అనేది వదిలేసి ఆకు పేరు ఒక్కటి పట్టుకుంటే ఆయుర్వేదం కాదు అది.

అమ్మాయి విషయానికి వద్దాం. ఐదో నెలలో మునగాకు పప్పు, మునక్కాడ పులుసు నిరభ్యంతరంగా పెట్టండి. వారానికి ఒకటి రెండు సార్లు, ఒక మనిషికి గుప్పెడు ఆకు, బాగా ఉడికించి. వేవిళ్ళు ఇంకా ఉన్నా, గుండెల్లో మంట ఉన్నా ఆ వారం మానేయండి. పచ్చి ఆకు దంచి రసం తీసి తాగించడం, పొడి, క్యాప్సూళ్ళు, బెరడు, వేరు, గింజలు ఏవీ వద్దు. బెరడు, వేరు అయితే అసలు ఆ ఊసే వద్దు. పాతకాలంలో కడుపు పోగొట్టడానికి నాటుగా వాడినవాటిలో మునగ వేరూ బెరడూ ఉన్నాయి, దానికోసమే చెబుతున్నాను. "మా అమ్మమ్మ తాగింది, ఏమీ కాలేదు" అని ఎవరైనా అంటే వాళ్ళ మాట వినొద్దు.

రక్తం తక్కువ అన్నారు కాబట్టి ఒక లెక్క చెబుతాను. కూరలో ఒకరు తినే ఆకు ముప్పై నలభై గ్రాములు, అందులో ఇనుము ఒకటిన్నర మిల్లీగ్రాము, అందులో ఒంటికి పట్టేది ఇంకా చాలా తక్కువ. ఏఎన్‌ఎం ఇచ్చే ఐరన్ ఫోలిక్ మాత్ర ఒక్కోదాంట్లో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. గర్భిణీలకి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మళ్ళీ 180 రోజులు వేసుకోమని ప్రభుత్వం ఇస్తున్నది ఊరికే కాదు. కాబట్టి మునగాకు ఆ మాత్రకి తోడు తప్ప బదులు కాదు. మాత్ర వేసుకుంటే మలం నల్లగా వస్తుంది, కొంచెం మలబద్ధకం అవుతుంది, ఆ కారణంతో మంచం కింద దాచేసే ఆడపిల్లల్ని చూస్తూనే ఉంటాం. ఇబ్బందిగా ఉంటే వేరే రకం రాయించుకోవచ్చు, పారేయొద్దు. పప్పులో నిమ్మకాయ పిండండి, అన్నం తిన్న గంట గంటన్నర దాకా టీ ఇవ్వకండి, టీ ఇనుముని పట్టనివ్వదు. మన జిల్లాల్లో అన్నం చెయ్యి కడగ్గానే టీ గ్లాసు పట్టుకునే అలవాటు చాలా ఎక్కువ, ఆ ఒక్కటి మారిస్తే సగం మునగచెట్టు తిన్నంత లాభం.

థైరాయిడ్ మాత్ర సంగతి కొంచెం జాగ్రత్తగా వినండి. అది పరగడుపున మంచినీళ్ళతో మాత్రమే వేసుకోవాలి, ఐరన్, కాల్షియం మాత్రలకి దానికి నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే అవి థైరాయిడ్ మాత్రని ఒంటికి పట్టనివ్వవు. మునగాకు సారం థైరాయిడ్ హార్మోన్ల మీద పని చేస్తుందని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. మధ్యాహ్నం అన్నంలో తినే కూరకి అంత భయం అక్కర్లేదు. కానీ పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుని దానిమీద మునగాకు పొడి నీళ్ళు తాగడం మాత్రం వద్దు. కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి థైరాయిడ్ సరిగ్గా ఉండాలి, ఇందులో ప్రయోగాలకి చోటు లేదు.

కాన్పయ్యాక మాత్రం మునగాకుని దర్జాగా బయటికి తీయొచ్చు. తెలగపిండి (నువ్వుల నూనె తీశాక మిగిలే పిండి) మునగాకు కూర మీకు నేను చెప్పాలా, అయినా ఇప్పటి పిల్లలకి తెలియదు కాబట్టి రాస్తున్నాను. ఆకు ఈనెలు లేకుండా దూసి, రెండు మూడు నీళ్ళల్లో కడిగి, కొంచెం నీళ్ళు, ఉప్పు, పసుపు వేసి ఉడకనివ్వాలి. ఆకు మెత్తబడ్డాక తెలగపిండి పైన చల్లి, కలపకుండా మూతపెట్టి సన్న సెగ మీద ఉంచాలి. నీళ్ళన్నీ పిండి పీల్చుకుని పొడిపొడిగా అయ్యాక అప్పుడు కలిపి, నువ్వుల నూనెలో దండిగా వెల్లుల్లి, ఎండుమిర్చి వేసిన పోపు పెట్టాలి. తొందరపడి ముందే కలిపితే ముద్దయిపోతుంది. నువ్వుల తెలగపిండిలో కాల్షియం, మాంసకృత్తులు, మునగాకులో మిగతావి, పచ్చి ఒంటికి ఇంతకంటే మంచి పత్యం కూర చెప్పడం కష్టం. పాలు పడతాయా అంటే, ఫిలిప్పీన్స్‌లో కూడా బాలింతలకి ఇదే ఆకుని మలుంగాయ్ అని పెడతారు, అక్కడ చేసిన కొన్ని చిన్న పరీక్షల్లో పాలు పెరిగినట్టు కనిపించింది. అయితే పాలు పడడానికి అన్నిటికంటే పెద్ద మందు బిడ్డని మాటిమాటికీ రొమ్ముకి పట్టించడం, తల్లి కడుపు నిండా తినడం. చాలా ఇళ్ళల్లో పత్యం పేరు చెప్పి బాలింతకి చారన్నం తప్ప పెట్టరు, మళ్ళీ పాలు లేవని డబ్బా పాలు కొంటారు.

తెలగపిండి కొనేటప్పుడు మాత్రం పశువుల దాణా కోసం అమ్మే చెక్క తేవొద్దు. అది చెమ్మ తగిలి బూజు పట్టి ఉంటుంది, ఆ బూజు కాలేయానికి విషం. గానుగ దగ్గర తాజాగా ఆడించింది, తినడానికని అడిగి తెచ్చుకోండి. వాసన చూస్తే కమ్మగా ఉండాలి, ముక్కిపోయిన వాసన వస్తే వదిలేయండి.

పుట్టిన బిడ్డకి కడుపుబ్బరమనీ పురుగులనీ మునగాకు రసంలో తేనె కలిపి నాకించే పద్ధతి కొన్ని పల్లెల్లో ఇంకా ఉంది. మీ ఇంట్లో అలాంటి ప్రతిపాదన వస్తే మొహమాటం లేకుండా కాదనండి. ఆరు నెలలు తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టకూడదు, ఏడాది నిండేదాకా తేనె అసలు ముట్టించకూడదు. కళ్ళల్లో మునగాకు రసం పోయడం కూడా అలాంటిదే. శాస్త్రంలో కంటికి మంచిదని ఉంది కదా అంటారు. మంచిదే, తింటే. తీక్ష్ణమైన ఆకు రసం వడగట్టిన గుడ్డ ఏదో, చెయ్యి ఏదో తెలియకుండా కంట్లో వేస్తే నల్లగుడ్డు మీద పుండు లేచి చూపే పోయే ప్రమాదం ఉంది.

మీ ఆయన బెరడు కషాయం. వద్దు. దీనికి ఇంతకంటే మెత్తగా జవాబు లేదు. మునగ చెట్టులో ఆకు, పువ్వు, కాయ వంటింటివి, వాటిని తరతరాలుగా తిన్నారు. బెరడు, వేరు అలా కాదు, వాటిలో నరాల మీద, గుండె మీద పని చేసే ఆల్కలాయిడ్లు ఉన్నాయి. వేరు నలిపి వాసన చూస్తే ఆవపిండి ఘాటు కొడుతుంది, తెల్లవాళ్ళు మన దేశంలో ఉన్నప్పుడు వాళ్ళ ఊరి ఘాటు దుంపకి బదులు ఈ వేరుని పచ్చడిగా తిన్నారు కూడా, అందుకే ఇంగ్లీషులో దీనికి హార్స్‌రాడిష్ ట్రీ అని పేరు పడింది. ఆయుర్వేద మందుల్లో మునగ బెరడు వాడతాం, అబద్ధం చెప్పను. కానీ అది కొలత ప్రకారం, ఇతర ద్రవ్యాలతో కలిపి, లైసెన్సు ఉన్న ఫార్మసీలో తయారైనది, మనిషి బీపీ, కిడ్నీ, కడుపు చూసుకుని ఇచ్చేది. ఊళ్ళో ఒకాయన గొడ్డలితో పెచ్చు చెక్కి, "గుప్పెడు మరిగించి తాగు" అంటే ఆ గుప్పెడు ఎవరి గుప్పెడు?

నొప్పికి పైపూతగా అయితే ఆకు వాడుకోండి. లేత ఆకు కడిగి, కొంచెం ఆముదంలో వెచ్చచేసి, చెయ్యి పెట్టి ఓర్చుకునేంత వేడిలో మోకాలికి పట్టు వేసి గుడ్డ కట్టండి. పావుగంట ఇరవై నిమిషాలు చాలు. మొదటిసారి ముంజేతి మీద కొంచెం పెట్టి చూడండి, మంట గానీ దద్దుర్లు గానీ వస్తే కడిగేసి మళ్ళీ ఆ జోలికి పోకండి. బెరడు నూరి రాత్రంతా కట్టుకుని పొద్దున్నకి బొబ్బలతో వచ్చినవాళ్ళకి మోకాలి నొప్పి కంటే ఆ పుండు మానడమే పెద్ద పని అవుతుంది, షుగర్ ఉంటే మరీను. మీ ఆయన మోకాలు ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరం కూడా ఉంటే ఏ పట్టూ వద్దు, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అవేవీ లేకుండా కూర్చుని లేచేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు మాత్రమే నొప్పి అయితే బరువు తగ్గడం, తొడ కండరాలకి వ్యాయామం, ఇవి ఏ కషాయం కంటే ఎక్కువ పని చేస్తాయి. మగవాళ్ళకి ఈ మాట నచ్చదు, కషాయం అయితే తాగేసి కూర్చోవచ్చు కదా.

కవిటి అన్నయ్యకి పొడి పంపకండి. ఉద్దానం వైపు పరిస్థితి మీకు నేను చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస, ఏ ఊళ్ళో చూసినా కిడ్నీ జబ్బు లేని వీధి లేదన్నట్టు ఉంది, కారణం ఇదీ అని ఈరోజుకీ తేల్చి చెప్పలేకపోతున్నారు. క్రియాటినిన్ పెరిగిందంటే కిడ్నీలు సరిగ్గా వడకట్టడం లేదని, అలాంటివాళ్ళకి ఒంట్లో పొటాషియం బయటికి పోవడం తగ్గుతుంది, మునగాకులో పొటాషియం బాగానే ఉంటుంది, ఎండబెట్టి పొడి చేస్తే ఇంకా చిక్కబడుతుంది. పొటాషియం మితిమీరితే గుండె కొట్టుకోవడమే దారి తప్పుతుంది, అదీ ముందు ఏ నొప్పీ చెప్పకుండా. ఆయనకి కూర తినాలనిపిస్తే, ఈమధ్య చేయించిన రక్తపరీక్షలో పొటాషియం ఎంతుందో చూపించి, కిడ్నీ డాక్టరునో అక్కడి డైటీషియన్‌నో అడిగి తినమనండి. ఆకుని ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోసి వండితే పొటాషియం కొంత తగ్గుతుంది, అది కూడా వాళ్ళు సరేనన్నాకే.

ఆయనకి ఇంకో మాట కూడా చెప్పండి, మునగాకు కంటే ఇది ముఖ్యం. జబ్బు ముదిరేకొద్దీ ఆశ చూపించేవాళ్ళు ఎక్కువవుతారు. "మూడు నెలల్లో క్రియాటినిన్ దింపేస్తాం" అని పేరు లేని పొట్లాలు ఇచ్చేవాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు. ఒళ్ళు నొప్పులకి షాపులో అడిగి కొనే నొప్పి బిళ్ళలు వేసుకోవద్దు, కిడ్నీకి అవి శత్రువులు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చాక దూరం కూడా తగ్గింది, అక్కడ క్రమంగా చూపించుకుంటూ ఉండమనండి.

రక్తం పలచబడే వార్ఫరిన్ లాంటి మాత్రలు వాడేవాళ్ళు మీ చుట్టాల్లో ఉంటే వాళ్ళకీ ఒక ముక్క చెప్పండి. మునగాకులో విటమిన్ కె ఎక్కువ, ఒక వారం గిన్నెడు తిని ఒక వారం మానేస్తే మాత్ర మోతాదు అటూ ఇటూ అయిపోతుంది. ఎప్పుడూ ఒకే మోస్తరుగా తినాలి, లేదా డాక్టరుకి చెప్పి తినాలి.

ఏ జబ్బూ లేని మీలాంటివాళ్ళు పొడి వాడుకోవాలనుకుంటే ఇంట్లోనే చేసుకోండి. ఆకు తెంపేటప్పుడే పురుగు, గూడు, తెల్ల మచ్చలు చూసి ఏరేయండి. కడిగి, నీళ్ళు వాడ్చి, నీడలో పలచటి గుడ్డ మీద పరవండి, ఎండలో వేస్తే రంగూ పోతుంది, కెరోటిన్ కూడా పోతుంది. చేత్తో నలిపితే గలగలమని పొడి కావాలి, అప్పుడు మిక్సీ వేసి గాజు సీసాలో పెట్టుకోవాలి. ఆరకుండా డబ్బాలో పెడితే బూజు పడుతుంది. రోజుకి ఒక చిన్న చెంచా, అదీ భోజనంలో, పప్పులోనో చోడి (రాగి) అంబలిలోనో చోడి రొట్టె పిండిలోనో కలిపి. అలవాటు లేని కడుపుకి మొదట్లో విరేచనం అయితే తగ్గించండి. దద్దుర్లు వచ్చినా, పెదాలు వాచినా, నోట్లో పుండ్లు లేచినా ఆపేసి వెంటనే డాక్టరుకి చూపించండి, మునగాకు పడని శరీరాలు అరుదుగా అయినా ఉన్నాయి. బయట కొంటే పాకెట్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, తయారైన తేదీ చూడండి. "షుగర్ పూర్తిగా నయం" అని రాసి ఉన్న పాకెట్ అయితే నంబరు వెతికే శ్రమ కూడా అనవసరం, అక్కడే పెట్టేసి వచ్చేయండి.

చివరగా చెట్టు. కొట్టించొద్దు. ఇంటి ముందు ఉండకూడదనడానికి నాకు కనిపించే కారణాలు రెండే. మునగ కొమ్మ పెళుసు, పిల్లలెక్కితే విరిగి పడతారు, గాలివానకి పెంకుల మీద పడుతుంది. రెండోది, వానాకాలంలో మొద్దుని అంటిపెట్టుకుని గుంపుగా ఉండే గొంగళి పురుగులు, ఆ నూగు తగిలితే ఒళ్ళంతా దురద. రెంటికీ చెట్టుని పొట్టిగా ఉంచుకోవడమే మందు. కాయలు అయిపోయాక మనిషి చెయ్యి అందే ఎత్తులో కొట్టించండి, పక్కల నుంచి చిగుళ్ళు గుబురుగా వస్తాయి, ఆకు కోసుకోవడానికీ సులువు. పురుగుల గుంపు కనిపిస్తే కర్రకి గుడ్డ చుట్టి కాగడా చేసి, పగలు అవి మొద్దు మీద ఒక్కచోట ఉన్నప్పుడే, ఇంటికప్పుకి దూరంగా జాగ్రత్తగా కాల్చేయండి. చేతికి గుడ్డ చుట్టుకోండి. కొట్టిన కొమ్మల ఆకు మేకలకి వేయండి, బొటనవేలి కంటే లావున్న కొమ్మలు రెండు మూడడుగుల ముక్కలుగా కోసి ఇంటి వెనకాల పాతితే వానల్లో బతుకుతాయి. వెనకది అందివచ్చాక ముందుది ఉంచాలో తీసేయాలో అప్పుడు చూసుకోవచ్చు.

అత్తగారి షుగర్ రీడింగులు ఒక వారం పాటు కాగితం మీద రాసి డాక్టరుకి మళ్ళీ చూపించండి. కళ్ళు తిరగడం పొడి ఆపి, టిఫిన్ తిన్నాక కూడా తగ్గకపోతే వారం కూడా ఆగొద్దు.